‘తుడిచాడు, లైన్ ఆగింది’

పరాయి దేశంలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ టెక్నీషియన్‌గా చేరిన మొదటి ఏడాది, నేను రాసిన ఒక్క వాక్యం వల్ల తోటి మనిషి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. రాత్రి షిఫ్ట్ అయిపోయే ముందు లాగ్‌లో రాశాను: ‘ఆపరేటర్ క్లీన్డ్ ద సెన్సర్ అండ్ ద లైన్ స్టాప్డ్.’ ఎనిమిదే మాటలు. అందులో అబద్ధం లేదు. ఆపరేటర్ సెన్సర్ తుడవడం నిజం, ఆ తర్వాత ప్రొడక్షన్ లైన్ ఆగడం నిజం. సెన్సర్ కేబుల్ కనెక్టర్ ఊడదీసి మళ్లీ బిగిస్తే లైన్ నడిచింది. 40 నిమిషాలు పోయాయి. అదీ రాసి ఇంటికెళ్లి పడుకున్నాను.

మర్నాడు సాయంత్రం అతను లాకర్ల దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. అతనూ వేరే దేశం నుంచి వచ్చినవాడే, ఇంగ్లీషు ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాడు. “లైన్ నేను ఆపానని రాశావట కదా” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. సూపర్‌వైజర్ పిలిచి, నడుస్తున్న లైన్‌లో సెన్సర్ ఎందుకు ముట్టుకున్నావని అడిగారట. సెన్సర్ లైటు మిణుకుమిణుకుమంటోంది కాబట్టి దుమ్ము పట్టిందేమోనని తుడిచానని చెప్పాడట. ఆ ‘కాబట్టి’ నా రిపోర్టులో ఎక్కడా లేదు.

ఆ రాత్రి నేను సెన్సర్ కేబుల్ విప్పి చూశాను. పైన తొడుగు బాగానే ఉంది. మెషిన్ చెయ్యి అటూ ఇటూ తిరిగేటప్పుడు కేబుల్ వంగే చోట వేళ్లతో నొక్కితే మెత్తగా తగిలింది. బ్లేడుతో తొడుగు చీలిస్తే లోపల రాగి పోగులు దాదాపు అన్నీ తెగిపోయి ఉన్నాయి. రెండు మూడు పోగులు మాత్రం ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. చెయ్యి ఒక వైపు వస్తే కరెంట్ అందుతుంది, రెండో వైపు పోతే అందదు. లైటు మిణుకుమనడానికి కారణం అదే, లైన్ ఆగడానికీ కారణం అదే. తుడవడం వల్ల లైన్ ఆగలేదు. రెండూ ఒకే కారణం కన్న బిడ్డలు. రిపోర్టు తిరగరాసి, సూపర్‌వైజర్ దగ్గరికి స్వయంగా వెళ్లి కేబుల్ ముక్క చూపించాను.

ఆ వాక్యం అలా ఎందుకు వచ్చిందా అని చాలా రోజులు ఆలోచించాను. మన మాటతీరులోంచే వచ్చింది. ‘పైపు పగిలి నీళ్లు కారాయి’ అంటాం. ‘పగిలి’ అనే ఆ క్త్వార్థకంలో, అంటే ‘తిని’, ‘వెళ్లి’ లాంటి రూపంలో, ముందు ఏం జరిగిందో ఉంది, ఎందుకు జరిగిందో కూడా ఉంది. ‘అన్నం తిని పడుకున్నాడు’లో మాత్రం కారణం లేదు, వరస మాత్రమే ఉంది. రూపం ఒకటే. ఏది ఎక్కడ అన్నది వినేవాడికి తెలిసిపోతుంది కాబట్టి మనం విడిగా చెప్పం. పేపర్లలో కనిపించే ‘-డంతో’ కూడా అంతే. ‘లైటు ఆరిపోవడంతో పని ఆగింది’ అంటే ఆరినప్పుడు ఆగిందా, ఆరినందుకు ఆగిందా? రెండూ అనుకోవచ్చు. ఇంగ్లీషులో రాసేటప్పుడు నేను ఆ క్త్వార్థకాన్నే తీసుకెళ్లి ‘అండ్’లో పెట్టేశాను. ‘అండ్’ చదివినవాడు కారణం అనుకున్నాడు. ‘ఆఫ్టర్’ అని రాసినా అలాగే అనుకునేవాడు. ఒకదాని తర్వాత ఒకటి రాస్తే మొదటిదే రెండోదానికి కారణమని మనిషి బుర్ర తనంతట తానే ముడి వేసుకుంటుంది. కారణం కాకపోతే కాదని రాసేవాడే చెప్పాలి.

అప్పట్నుంచి కారణం చెప్పే మాటల మీద నాకు శ్రద్ధ పెరిగింది. మొదట మానుకున్నది ‘బికాజ్’తో మొదలుపెట్టి ‘సో’తో ముడి వేయడం. ‘ఎందుకంటే కేబుల్ తెగింది కాబట్టి’ అని రెండు వైపులా పట్టుకోవడం మనకు సహజం. ఇంగ్లీషు వాక్యానికి ఒక కొక్కెం చాలు. ‘సిన్స్’, ‘యాజ్’ అనే మాటలు రిపోర్టుల్లో పూర్తిగా మానేశాను, అవి కారణాన్నీ చెబుతాయి, కాలాన్నీ చెబుతాయి. ‘మోటార్ వేడెక్కినప్పటి నుంచి’ అనా, ‘వేడెక్కింది కాబట్టి’ అనా అని ఎవరూ ఆగి ఆలోచించనక్కర్లేదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ‘రిజల్ట్’. ‘యాజ్ ఎ రిజల్ట్’ అంటే తర్వాత వచ్చేది ఫలితం. దానికి ‘ఆఫ్’ అని ఒక్క చిన్న మాట తగిలిస్తే తర్వాత వచ్చేది కారణం. ‘రిజల్టెడ్ ఇన్’ అంటే ఫలితం వైపు, ‘రిజల్టెడ్ ఫ్రమ్’ అంటే కారణం వైపు. ఒకసారి ‘ద లీక్ రిజల్టెడ్ ఇన్ ఎ లూజ్ బోల్ట్’ అని రాశాను. లీక్ అయినందుకు బోల్టు వదులైందని అర్థం! వదులైన బోల్టు వల్ల లీక్ అయిందని నా ఉద్దేశం. వేరే షిఫ్ట్‌వాళ్లు లీక్ ఆపితే బోల్టు సంగతి అదే సర్దుకుంటుందనుకుని దాన్ని ముట్టుకోలేదు. మనకు ‘వల్ల’ ఎప్పుడూ కారణానికే అంటుకుని ఉంటుంది, దిక్కు మారదు. ఇంగ్లీషులో దిక్కు చెప్పేది ఆ చిన్న మాటలే. అందుకే ఇప్పటికీ అలాంటి వాక్యం రాయగానే వేలు పెట్టి చూసుకుంటాను: ఇటువైపు కారణం, అటువైపు ఫలితం.

‘నాట్’ ఉన్న వాక్యంలో ‘బికాజ్’ ఇంకా ప్రమాదం. ‘వి డిడ్ నాట్ రీప్లేస్ ద బేరింగ్ బికాజ్ ఇట్ వాజ్ నాయిజీ.’ బేరింగ్ మార్చలేదా? మార్చారు గానీ శబ్దం వల్ల కాదా? రెండు రకాలుగానూ చదవొచ్చు. తెలుగులో ‘శబ్దం వస్తోందని మార్చలేదు’ అన్నా ఇదే చిక్కు, కాకపోతే ‘మార్చింది శబ్దం వస్తోందని కాదు’ అని తిప్పి చెప్పి బయటపడతాం. ఇంగ్లీషులో దాన్ని రెండు వాక్యాలుగా విరగ్గొట్టడమే మేలు.

‘కాజ్’ అన్న క్రియకు ఒక నీడ ఉంది. అది ఎక్కువగా నష్టం, ఆలస్యం, గాయం లాంటి చెడ్డవాటి పక్కనే తిరుగుతుంది. అందుకే దాని ముందు మనిషిని పెడితే చదివేవాళ్లకు నేరంలా వినిపిస్తుంది. నిజంగా మనిషే కారణమైతే రాయాల్సిందే. తెలియనప్పుడు మాత్రం ఆ మాట వాడే హక్కు మనకు లేదని నా నమ్మకం. ‘కాంట్రిబ్యూటెడ్ టు’ అంటే కొంత తోడైంది, ‘లైక్‌లీ కాజ్’ అంటే బహుశా ఇదే. ఈ మెట్లు ఉన్నది వాడుకోవడానికే.

ట్రైనింగ్‌లో మాకు టొయోటాలో పనిచేసిన టైచీ ఓనో చెప్పిన ఐదు ‘ఎందుకు’ల పద్ధతి నేర్పారు. ఆయన ఉదాహరణలో మెషిన్ ఆగుతుంది. ఎందుకు? లోడ్ ఎక్కువై ఫ్యూజ్ పోయింది. ఎందుకు? బేరింగ్‌కు ఆయిల్ సరిపోలేదు. ఎందుకు? ఆయిల్ పంపు సరిగ్గా తోడడం లేదు. ఎందుకు? పంపు షాఫ్ట్ అరిగిపోయింది. ఎందుకు? జల్లెడ లేక ఇనప రజను లోపలికి పోయింది. ఫ్యూజ్ దగ్గరే ఆగితే కొన్నాళ్లకు మళ్లీ ఫ్యూజే పోతుంది. అది విన్నప్పుడు నాకు ఆ కేబులే గుర్తొచ్చింది. లాగ్‌లో ఆ వాక్యం రాసిన రాత్రి నేను మొదటి ‘ఎందుకు’ కూడా అడగలేదు. ఎదురుగా కనిపించిన మనిషిని రాశానంతే.

ఇప్పుడు మా టీమ్‌లో కొత్తగా చేరిన తెలుగు కుర్రాడు ఒకడు రిపోర్టు పంపేముందు నాకు చూపిస్తుంటాడు. మొన్న రాత్రి కన్వేయర్ ఆగిపోయింది. “అన్నా, ఇక్కడ డ్యూ టు రాయనా, బికాజ్ ఆఫ్ రాయనా?” అని అడిగాడు.

“రెండిట్లో ఏదైనా పర్లేదు. మోటార్ విప్పి చూశావా?”

“లేదన్నా, టైమ్ లేదు. రీసెట్ కొడితే నడిచింది.”

“అయితే కారణం ఇంకా తెలియలేదని రాయి. ఏం చూశావో, ఏం చూడలేదో రాయి.”

అలా రాస్తే పని రాదనుకుంటారేమోనని కాసేపు తటపటాయించాడు. మొదట్లో నాకూ ఆ భయం ఉండేది. చివరికి రాశాడు: ‘ద కాజ్ ఈజ్ నాట్ యెట్ నోన్. మోటార్ నాట్ ఓపెన్డ్.’ పొద్దున షిఫ్ట్‌వాళ్లు అది చదివి మోటార్ విప్పారు.