సొరంగం తవ్వినోడు మట్టెక్కడ పోసిండు?

నవంబర్, బుధవారం రాత్రి.

బాపు పొద్దున్నే భూపాలపల్లి నుంచి మొదటి బస్సుకు వచ్చాడు. ఏటా ఈ నెలలో పెన్షన్‌కు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అక్కడ రెండు రోజులు తిరిగినా వేలిముద్ర పడలేదట, అందుకని హనుమకొండకు. ముప్పై రెండేళ్లు బొగ్గు బాయిలో పని చేసిన చేతులు మరి. ఇక్కడా మూడుసార్లు పెట్టి, తడిగుడ్డతో తుడిచి, నాలుగోసారికి గానీ మిషన్ ఒప్పుకోలేదు. "నేను బతికున్ననో లేదో గిది చెప్పాలె" అని నవ్వుకుంటూ బయటికొచ్చాడు. నాకు మాత్రం అప్పటిదాకా టెన్షనే.

ఇంటికొచ్చి వంకాయలు తరుగుతూ ఫోన్‌లో పాట పెట్టాను. ఆర్కేడ్ ఫైర్ అని కెనడా బ్యాండ్, మాంట్రియల్ వాళ్లు. 2004లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ 'ఫ్యునరల్'లో మొట్టమొదటి పాట, 'నైబర్‌హుడ్ నంబర్ వన్, టనెల్స్'. కాలేజీ రోజుల నుంచి వింటున్నదే.

"ఏమంటున్నడే, గంత మొత్తుకుంటున్నడు?" అన్నాడు బాపు.

చెప్పక తప్పలేదు. నైబర్‌హుడ్‌కు తెలుగులో ఏం మాట సరిపోతుందో నాకెప్పుడూ తేలలేదు. ఇవాళ మాత్రం నోట్లోంచి దానంతటదే 'వాడ' అని వచ్చింది. "మంచు పడి మా వాడ మునిగిపోతే, మా అమ్మానాన్న ఏడుస్తుంటే, నా కిటికీ నుంచి నీ కిటికీకి సొరంగం తవ్వుతా అంటున్నడు బాపు, ఒక పిల్లతోని."

"మంచుకు వాడ మునుగుడేందే?"

బాపుకు మంచు అంటే ఈ నెలల్లో తెల్లారుజామున రోడ్డు కనపడకుండా కమ్ముకునేదే. మాకు ఆ రెండింటికీ ఒకటే మాట కదా. కిటికీల దాకా ఐసు పేరుకుంటుందని, తలుపు తెరుచుకోదని వివరించాను. కాసేపు ఆలోచించి, "మోరంచ లెక్కనా?" అన్నాడు. 2023 జులైలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగింది. పడవలు వచ్చేదాకా జనం మేడల మీదే ఉన్నారు. బాపు వచ్చే బస్సు ఆ ఊరి మీంచే వస్తుంది. అవును, అట్లాగే అన్నాను. ఇక అక్కడి నుంచి ఆయన పాటను పాటలాగా వినడం మానేశాడు.

"తవ్విన మట్టెక్కడ పోసిండు?"

"మంచే గదా బాపు."

"మంచైతేంది, ఎక్కడనో పొయ్యాలె గదా. పైకప్పుకు ఆసరా ఏం పెట్టిండు?"

నవ్వాపుకోలేకపోయాను. ఆయన మాత్రం నవ్వలేదు. ఒక్క విషయం ఆయనకు నచ్చింది. ఇటు కిటికీ, అటు కిటికీ, రెండు దిక్కులా తెరిచి ఉంది. బాయికీ రెండు దారులుంటాయి, ఒకదాంట్లో గాలి లోపలికి పోతే ఇంకోదాంట్లోంచి బయటికొస్తుంది. "గాలాడుతది. పోరనికి తెలివుంది" అని సర్టిఫికెట్ ఇచ్చేశాడు.

మిగతాదీ చెప్పాను. ఆ పిల్ల పొగగొట్టంలోంచి ఎక్కి బయటపడుతుంది, ఊరి నడుమ ఇద్దరూ కలుసుకుంటారు, ఊళ్లో ఇంకెవరూ ఉండరు. జుట్టు పెరుగుతుంది, మంచులో ఉండీ ఉండీ తోలు మందమవుతుంది. ఇక్కడ బాపు తన బొటనవేలు చూసుకున్నాడు. నేను వంకాయల్లోకి తల దించుకున్నాను.

ఇన్నేళ్లూ నాకిది ప్రేమ పాట. ఇద్దరు పిల్లలు పెద్దవాళ్ల నుంచి తప్పించుకుపోతున్నారు, అంతే. ఆ ఏడుస్తున్న అమ్మానాన్న నా లెక్కలో వెనకాల కట్టిన తెర. బాపు మాత్రం వాళ్లనే పట్టుకున్నాడు.

"ఎందుకేడుస్తున్నరు వాళ్లు?"

పాటలో చెప్పరు. ఆల్బమ్ చేసే రోజుల్లో బ్యాండ్ వాళ్ల ఇళ్లల్లో వరసగా చావులైనాయి, ఒకరి నాయనమ్మో అమ్మమ్మో, ఒకరి తాత, ఒకరి మేనత్తో పిన్నో. వాళ్ల భాషలో ఆ తేడా ఉండదు. ఆల్బమ్‌కు ఆ పేరు అందుకే. అది చెబితే బాపు ఊ కొట్టాడు గానీ తృప్తి పడలేదు.

"సరే, పోరడు, పోరి బయటవడ్డరు. లోపలున్నోళ్ల లెక్క సూసుకున్నరా? మా దగ్గర షిఫ్ట్ దిగినంక ల్యాంప్ రూంల బత్తీలు లెక్కవెడ్తరు. ఒక్క బత్తి రాలేదంటే ఒక మనిషి ఇంక లోపల్నే ఉన్నట్టు."

రెండో చరణంలో ఆ లెక్కే ఉందని నాకు అప్పుడు తట్టింది. తమ పిల్లలకు పేర్లు పెడదామని కూర్చుంటారు. తెలిసిన పేర్లన్నీ మరిచిపోయి ఉంటారు. అప్పుడప్పుడూ పాత ఇళ్లల్లో పడుకున్న గదులు గుర్తొస్తాయి. ఆ తర్వాత, అయ్యో, మన అమ్మానాన్న ఏమయ్యారో అని అడుగుతారు. ఈ పేర్ల ముక్క నాకెప్పుడూ కవిత్వం కోసం పెట్టినట్టుండేది.

"పేర్లు మర్సుడేందే? తాత పేరో అవ్వ పేరో వెడితే అయిపాయె" అన్నాడు బాపు.

మాంట్రియల్ వాళ్లు ఇట్లా అనుకొని రాసి ఉండరు. అయినా మా ఇంట్లో వింటే దానికి వేరే అర్థం లేదు. మా తమ్ముడికి మా తాత పేరే. పిల్లకు పేరు దొరకలేదంటే అమ్మానాన్నలనే మరిచినట్టు. అందుకే పేరు వెతకబోయిన వాళ్లకు ఆ వెంటనే వాళ్లు గుర్తొస్తారు. పాట మళ్లీ మొదటి నుంచి పెట్టాను. ఈసారి ఆ ఏడుపు దగ్గరే ఆగిపోయాను, సొరంగం దాకా పోలేదు. కూర కొంచెం అడుగంటింది.

సాయంత్రం పరకాల మీదుగా పోయే బస్సు ఎక్కించాను. ఏడు దాటినా ఫోన్ లేదు, నేనే చేశాను.

"ఎక్కడిదాక వచ్చినవ్ బాపు?"

"మోరంచ దాటిన. గా పాటల ఆఖరికన్న దొరికిండ్రా వాళ్లు?"

"చెప్పరు బాపు."

"గదేం పాటనే" అని పెట్టేశాడు.