బియ్యం సంచితో సముద్రం పక్కన

కనుమ దాటిన మూడో నాడు, బాహుదా నది సముద్రంలో కలిసే డొంకూరు దగ్గర మేమిద్దరం ఇసుకలోకి దిగాం. నా వీపున పాతిక కిలోల బియ్యం పట్టే సంచి ఉంది, మా మేనబావ వీపున కొండలెక్కేవాళ్ళ కోసం తయారుచేసిన ఖరీదైన సంచి ఉంది. ముందు రోజు రాత్రి ఇచ్ఛాపురంలో ఒక కిరాణా కొట్టు తూకం మీద రెండింటినీ పెట్టి చూశాం. నీళ్ళు కాక నాది నాలుగు కిలోలు తూగింది, బావది పదమూడు దాటింది. కొట్టాయన మాత్రం నా సంచినే అనుమానంగా చూశాడు.

శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లు, దాని దిగువన విజయనగరం జిల్లా తీరం 28 కిలోమీటర్లు ఉంటాయి. ఉత్తరం కొస నుంచి బయలుదేరి, సముద్రాన్ని ఎడమ చేతి వైపు ఉంచుకుని, రోజుకు 18 నుంచి 20 కిలోమీటర్ల చొప్పున భోగాపురం మండలంలోని ముక్కాం దాకా నడవాలన్నది మా సంకల్పం. ఈ దారిలో మహా అయితే రెండు మూడు గంటలకొక ఊరు తగులుతుంది కాబట్టి, ఊళ్ళో దొరికేదాన్ని మోయకూడదనీ, ఊళ్ళో బాగుచేయించుకోలేనిదాన్ని వెంట తేకూడదనీ నేను ముందే ఒక నియమం పెట్టుకున్నాను. బావ దీన్ని పిసినారితనం అన్నాడు.

ఈ ఆలోచన పూర్తిగా నా సొంతమని చెప్పుకోలేను. అమెరికాలో అపలాచియన్ ట్రైల్ అని 3,000 కిలోమీటర్లకు పైబడిన కొండదారి ఒకటుంది. ఒహాయోకు చెందిన ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ, పదకొండు మంది బిడ్డల తల్లి, 1955లో 67 ఏళ్ళ వయసున దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒంటరిగా నడిచింది. కాళ్ళకు గుడ్డ బూట్లు, భుజాన తానే కుట్టుకున్న గుడ్డ సంచి, వానకు స్నానాలగది తెర, చలికి ఒక కంబళి, ఇంతే ఆవిడ సరంజామా. అక్కడ తెర పనికొచ్చినప్పుడు ఇక్కడ ఫ్లెక్సీ ఎందుకు పనికిరాదన్నది నా వాదన.

సంచిని మా వీధి దర్జీ గంటలో తయారుచేశాడు. ఎవరో పారేసిన బడిసంచి పట్టీలు విప్పి, అవి ఆనే చోట బియ్యం సంచిని రెండు మడతలు వేసి కుట్టాడు, మూతికి నాడా దూర్చాడు. ఆ ప్లాస్టిక్ అల్లికలో ఇసుక నిలవదు, తడిస్తే నీరు కిందికి కారిపోతుంది, చిరిగితే గోనెసంచులు కుట్టే దబ్బనంతో ఎవరైనా కుట్టిపెడతారు. అయితే వీపు వైపు మెత్త లేకపోవడం వల్ల మొదటి రోజంతా ఊరగాయ సీసా మూత నా వెన్నులో గుచ్చుకుంటూనే ఉంది. మర్నాడు దుప్పటిని నాలుగు మడతలు పెట్టి వీపు వైపు నిలబెట్టాక కానీ ఆ బాధ తీరలేదు.

ఇక ఫ్లెక్సీ సంగతి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ముప్పావు కిలో బరువు. ఎవరిదో జన్మదిన శుభాకాంక్షలది. మా ఊళ్ళో పశువుల పాక మీద, వరికుప్ప మీద, టిఫిను బండి మీద కప్పేది ఇదే కాబట్టి దాని గట్టితనం గురించి నాకు సందేహం లేదు. పల్లెల దగ్గర ఒడ్డుకు లాగిన పడవ అంచుకు దాని రెండు కొసలు కట్టి, మిగిలిన రెండింటినీ ఇసుకలో పాతితే ఇద్దరికి తల దాచుకునేంత చూరు ఏర్పడేది. జనవరిలో వాన భయం లేదు కానీ, తెల్లవారుజామున కురిసే మంచుకు దుప్పటి పిండితే నీళ్ళు కారేంతగా తడిసిపోతుంది. ఫ్లెక్సీ ఆ మంచును బాగా ఆపింది, కానీ తన లోపలి వైపున మా ఊపిరి తేమనే చుక్కలు చుక్కలుగా పోగుచేసి, నాలుగు గంటలకల్లా మా ముఖాల మీద వదిలేది. ఒక వైపు కాస్త ఎత్తి గాలి ఆడనిస్తే ఈ బాధ ఉండదని మూడో రాత్రికి తెలిసింది. నిద్ర లేవగానే పైనుంచి ఆ పుట్టినరోజు పెద్దమనిషి చేతులు జోడించి నవ్వుతూ కనిపించడం మాత్రం చివరి దాకా అలవాటు కాలేదు.

ఎండకు టోపీ బదులు గిడుగు తెచ్చాను. తాటాకుతో, వెదురు బద్దలతో అల్లి, ఊడుపుల కాలంలో తల మీంచి వీపు దాకా కప్పుకునే ఈ గిడుగు, వంగి పనిచేసేవాడికి వానలో ఇల్లులాంటిది. నిలబడి నడిచేవాడికి, అందులోనూ సముద్రం ఒడ్డున, అది తెరచాప అవుతుందని నాకు తోచలేదు. బారువ సమీపంలో మధ్యాహ్నం గాలి అందుకోగానే నన్ను పక్కకు తోసుకుంటూ పోసాగింది. చేపల గంప దించుకుని కూర్చున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, సముద్రంలో ఊడుపులకెల్తన్నావేటి?" అంది. పక్కనున్నవాళ్ళంతా నవ్వారు, బావ అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. అర్ధగంట తర్వాత తాడు తెగి అది నిజంగానే సముద్రం వైపు ఎగిరిపోయింది. బారువలోనే నల్ల గొడుగు కొన్నాను. గాలి ఎక్కువైతే ముడిచి చేతికర్రగా వాడుకోవచ్చు, కుక్కలు మీదికి వస్తే ఒక్కసారి తెరవవచ్చు; మిగిలిన దారంతా అదే నాకు నీడ.

నడక గురించి నేను ముందుగా ఊహించనిది ఒకటుంది. సముద్రం పాటు మీదున్నప్పుడు అలలు వదిలి వెళ్ళిన తడి ఇసుక సిమెంటు రోడ్డులా గట్టిగా ఉంటుంది, పోటు వచ్చిందంటే మడమ లోతున దిగబడే పొడి ఇసుకే మిగులుతుంది. ఆ వేళ రోజుకు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది కాబట్టి మేము బయలుదేరే సమయాన్ని గడియారం కాక సముద్రమే నిర్ణయించింది. అయితే ఆ గట్టి ఇసుక నీటి వైపు ఏటవాలుగా ఉంటుంది. దక్షిణానికి నడిచేవాడి ఎడమ కాలు రోజంతా పల్లంలోనే పడుతుంది. నాలుగో రోజుకు నా ఎడమ మోకాలు, కుడి తుంటి రెండూ మొరాయించాయి. వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక సైకిలు షాపులో పాత ట్యూబు ముక్కను నాలుగు పొరలుగా అతికించి నా ఎడమ హవాయి చెప్పు కింద వేయించుకున్నాను. రూపాయి కూడా తీసుకోని ఆ మరమ్మతు చేసినంత మేలు, బావ తెచ్చిన మోకాటి పట్టీ చేయలేదు. కాకపోతే పాదాల విషయంలో అతనిదే పైచేయి అని ఒప్పుకోవాలి. అతని మంచి మేజోళ్ళ వల్ల ఒక్క పొక్కూ రాలేదు, నాకు చెప్పు పట్టీ ఒరుసుకుని బొటనవేలి పక్కన పుండు పడింది, చివరి మూడు రోజులు అతని మేజోడు తొడుక్కునే నడిచాను.

తిండి దగ్గర మా ఇద్దరి దారులు పూర్తిగా వేరయ్యాయి. బావ దగ్గర గ్యాసు పొయ్యి, గిన్నెలు, పొట్లాల నూడుల్సు ఉన్నాయి. నా దగ్గర పొయ్యే లేదు. కిలో అటుకులు, వేయించిన చోడి (రాగి) పిండిలో బెల్లం, నువ్వులు దంచి కలిపిన పొడి, పండక్కి వండిన అరిసెలు ఇరవై, అరకిలో భీమాలి మామిడి తాండ్ర, కాస్త ఎండు నెత్తళ్ళు, ఒక ఖాళీ ఊరగాయ సీసా, అంతే. వంట లేకుండా నడిచే అమెరికావాళ్ళు పీనట్ బటర్ డబ్బాలో ఏదో ఒకటి చల్లనీళ్ళలో నానబెట్టుకుని తింటారని చదివినప్పుడు, దీనికి ఇంత హడావుడి ఎందుకని నవ్వుకున్నాను. నడక మొదలుపెట్టే ముందు సీసాలో అటుకులు పోసి, నీళ్ళు చల్లి, మూత బిగిస్తే అరగంటలో మెత్తబడేవి. దారిలో మజ్జిగ దొరికితే మజ్జిగ, లేకపోతే ఉప్పు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. బావ మొదటి సాయంత్రం గాలికి గొడుగు అడ్డం పెట్టుకుని నూడుల్సు ఉడికించడానికి ముప్పావుగంట తంటాలు పడ్డాడు. తినేటప్పుడు ఇసుక పళ్ళ కింద కరకరలాడడం నాకు కూడా వినిపించింది. అయిదో రోజున ఆటోలో కాశీబుగ్గ వెళ్ళి పొయ్యినీ గిన్నెలనూ బస్సు పార్సిల్లో ఇంటికి పంపేసి వచ్చాడు.

నేను ఎగతాళి చేసే స్థితిలో లేను. ఆ ముందు రాత్రే నా నెత్తళ్ళ పొట్లాన్ని కుక్కలు సంచికి కన్నం పెట్టి మరీ తినేశాయి. ఎండుచేపను మత్స్యకారుల పల్లెలోకి మోసుకుపోయినవాడికి జరగవలసిందే జరిగింది. ఆ తర్వాత పల్లెల్లోనే, అప్పుడే వచ్చిన చేపలు, కవ్వళ్ళో కానాగడతలో, కొబ్బరిపీచు మంట మీద కాల్చి పెడితే తిన్నాం. అరిసెలు తొమ్మిదో రోజు దాకా చెడలేదు. గట్టిపడ్డాయి, అంతే. నిలవ ఉండే తిండిలో అరిసెకు సాటి వచ్చేదాన్ని నేను ఇంతవరకు చూడలేదు. తాండ్ర మాత్రం ఎండకు అట్టకు అంటుకుపోయి, కాగితంతో సహా నమలవలసి వచ్చింది.

నీళ్ళ విషయంలో, మూత్రపిండాల జబ్బుకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతం నన్ను కొంత కలవరపెట్టింది. అక్కడ ఇంతమందికి మూత్రపిండాలు ఎందుకు దెబ్బతింటున్నాయో పరిశోధకులు ఇప్పటికీ తేల్చలేదు. ఆ ఊళ్ళలో బోరింగు దగ్గర సీసా పట్టబోతే, ఇంట్లోంచి ఎవరో ఒకరు క్యాను నీళ్ళు తెచ్చి పోసేవారు. కవిటి సమీపంలో ఒక ముసలాయన తన తోటలోంచి మా ఇద్దరికీ నాలుగు బొండాలు కొట్టించాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పడగొట్టిన చెట్ల మోళ్ళు గట్టు వెంట ఇంకా ఉన్నాయి. కొత్తగా వేసినవి ఇప్పుడిప్పుడే కాపుకొచ్చాయి. మీరు కూడా తాగండి తాతా అంటే, "నాకివి ఇషం బాబూ, డాట్రు ముట్టొద్దన్నాడు" అని, మేము తాగుతుంటే కత్తి మొన మట్టిలో గుచ్చుతూ కూర్చున్నాడు. మూత్రపిండాలు సరిగా పనిచేయనివాళ్ళకు కొబ్బరినీళ్ళలోని పొటాషియం ప్రమాదమని నాకు తెలుసు. తెలిసినా రెండో బొండం గొంతు దిగలేదు. ఆయన నొచ్చుకుంటాడని తాగాను.

కొబ్బరినీళ్ళను మాత్రమే నమ్ముకోవడం మంచిది కాదని నా కాళ్ళే చెప్పాయి. వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది సోడియం. రెండు రాత్రులు పిక్కలు పట్టేశాక, నౌపడ దగ్గర తాటాకు కప్పిన ఉప్పు గుట్ట పక్కన పనిచేస్తున్నవాళ్ళను అడిగి గుప్పెడు గల్లుప్పు తీసుకున్నాను. ఒక ఉప్పు కల్లు నాలుక కింద పెట్టుకుని బొండం తాగడం అలవాటు చేసుకున్న తర్వాత పిక్కలు మళ్ళీ పట్టలేదు.

వంశధారను పడవలో దాటి కళింగపట్నం చేరిన మర్నాడు, మోకాలికి విశ్రాంతి అనే నెపంతో ఆటో ఎక్కి శాలిహుండం కొండకు వెళ్ళాం. 1919లో ఈ బౌద్ధక్షేత్రాన్ని గుర్తించింది గిడుగు రామమూర్తి పంతులుగారు. బారువలో గిడుగు పోగొట్టుకున్నాను, ఇక్కడ దొరికిందని బావతో అంటే అతనికి నవ్వు రాలేదు. ఇటుక స్తూపాల మధ్య కూర్చుని, భిక్షువుకు అనుమతించిన ఎనిమిది వస్తువులను వేళ్ళ మీద లెక్కపెట్టాను. మూడు వస్త్రాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, మొలతాడు, నీళ్ళు వడగట్టే గుడ్డ. సూదీ వడపోత గుడ్డా ఆ పట్టికలో ఉండడం నాకు ఎంతో ఆనందం కలిగించింది, ఎందుకంటే నా సంచిలో కూడా ఆ రెండూ ఉన్నాయి. పొయ్యి వాళ్ళకూ లేదు. కాకపోతే వాళ్ళు అరిసెలు మోయలేదు, ఎవరు ఏది పెడితే అది తిన్నారు. అక్కడి నుంచి మేము కూడా అటుకులు కొనడం మానేసి, పొద్దున్నే పల్లెలో ఎవరి ఇంట్లోనైనా చోడి అంబలి దొరుకుతుందా అని అడగడం మొదలుపెట్టాం. ఇచ్చినవాళ్ళు డబ్బు తీసుకోలేదు, నంజుకోవడానికి ఎండుచేప కూడా పెట్టారు. రాత్రి నుంచి పులిసిన ఆ అంబలి మీద పదకొండు గంటల దాకా ఆకలి లేకుండా నడవగలిగాను. అటుకుల మీద తొమ్మిదికే ఆకలి వేసేది.

కోనాడ దగ్గర చంపావతి నదీముఖంలో నీళ్ళు నడుము లోతున ఉన్నాయి. ఒడ్డున ఉన్న కుర్రాడు దారి చూపిస్తుంటే సంచిని నెత్తి మీద పెట్టుకుని నేను దాటేశాను. బియ్యం సంచి నెత్తి మీద కుదురుగా కూర్చుంటుంది, దాని పుట్టుకే అందుకు. బావ సంచికి ఉన్న పట్టీలు, కొక్కేలు నెత్తి మీద నిలవక, రెండు సార్లు జారి ఒక వైపు తడిసింది. అతను ఏమీ అనలేదు.

పన్నెండో రోజు సాయంత్రం ముక్కాంలో ఫ్లెక్సీని ఒక మత్స్యకారుడికి ఇచ్చేశాను. వల మీద కప్పడానికి అడిగాడు. భోగాపురంలో విజయనగరం బస్సెక్కి సంచిని కాళ్ళ దగ్గర పెట్టుకుంటే, కండక్టరు దాన్ని కాలితో మెల్లగా తట్టి, "బియ్యమా? లగేజీ టిక్కెట్టు తియ్యాలి" అన్నాడు. మూతి విప్పి లోపల ఉన్న దుప్పటి, ఊరగాయ సీసా, మిగిలిన ఒక్క అరిసె చూపించాను. పక్కనున్న బావ సంచికి మాత్రం అతను టిక్కెట్టు అడగలేదు.