తుంచితే పాలు రాలేదు

కాడ తుంచి వేళ్ల మధ్య నొక్కి చూశాను. పాలు రాలేదు. హమ్మయ్య, గంగవాయిలి కూరే!

గోడ పక్కన ఇటుకల సందులో ఇంత గుబురుగా ఉంటే, ఇన్నాళ్లూ పిచ్చిమొక్క అనుకుని తొక్కుకుంటూ తిరిగాను. ఎర్రటి కాడ, చిన్న గరిటెల్లాంటి మందపాటి ఆకులు. కడిగి నోట్లో వేసుకుంటే పుల్లగా, కాస్త జిగురుగా ఉంది. ఎండలకు మొక్క రాత్రిపూట ఆకుల్లో ఆమ్లం దాచుకుంటుంది, అందుకే పొద్దున కోస్తే పులుపెక్కువ.

పక్కనే నేలంతా పాకిన ఇంకో మొక్క, చూడ్డానికి దాదాపు ఇలాగే. తుంచగానే తెల్లటి పాలు, అంటే ఇది తినే కూర కాదు. దాన్ని అక్కడే వదిలేశా.

రెండడుగుల అవతల తెల్ల పుట్టగొడుగులు. ఎంత ముద్దుగా ఉన్నాయో! కానీ వాటికి ఇలా తుంచి తేల్చుకునే పరీక్ష లేదు. ఉడికించినా విషం పోని రకాలున్నాయి. ఫొటో తీసుకుని వచ్చేశా.

రేపు పొద్దున్నే గిన్నె పట్టుకుని మళ్లీ వెళ్తా, ఆకు కోసమే!