మోనిటర్ నల్లబడితే ముందు టార్చి వెయ్యండి

శ్రీకాకుళంలో వానలు మొదలయ్యాయి, కరెంటు వస్తూ పోతూ ఉంది. మోనిటర్ నల్లగా ఉందని అప్పుడే పారెయ్యకండి. గది చీకటి చేసి తెర మీద ఏటవాలుగా టార్చి వెయ్యండి. బొమ్మ మసగ్గా కనిపిస్తే తెర వెనక వెలిగే దీపం, అంటే బ్యాక్‌లైటే పోయింది. ‘నో సిగ్నల్’ అని వస్తే ముందు వైరు చూడాలి. కంప్యూటర్‌లో బొమ్మని తెరకి పంపే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండగా, వైరుని దానికి కాకుండా మదర్‌బోర్డుకి (అసలు బోర్డుకి) గుచ్చేస్తారు చాలామంది! అదీ సరిగ్గానే ఉంటే కంప్యూటర్‌లోని ర్యామ్ (మెమరీ పలక) తీసి, దాని అంచున ఉండే లోహపు పళ్లని పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ బిగించండి.

వెలిగి ఆరిపోతూ ఉండే పాత మోనిటర్‌లో నాకు మొదటి అనుమానం పవర్ బోర్డులో కరెంటు నిలవ చేసే చిన్న డబ్బాలు, అంటే కెపాసిటర్ల మీదే. నెత్తి ఉబ్బిందంటే మార్చాలి. కొత్తదాని మైక్రోఫ్యారడ్లు (నిలవ చేసే సామర్థ్యం) పాతదాని అంతే ఉండాలి, వోల్టులు 16కి బదులు 25 పర్లేదు, తగ్గకూడదు, 105 డిగ్రీల వేడి తట్టుకునే రకమే అడగండి. ప్లగ్గు పీకగానే బోర్డు ముట్టుకోవద్దు సుమా, పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులు మిగిలి ఉండొచ్చు.