పాదస్పర్శం క్షమస్వ మే

మా అమ్మ పొద్దున్నే మంచం దిగేముందు కాసేపు ఆగేది. కాళ్లు మంచం పట్టెమీదే ఉంచి, ముందుకు వంగి, వేళ్ల కొసలతో నేలను తాకి కళ్లకద్దుకునేది. ఆ తర్వాతే కాలు కింద పెట్టేది. పెదాలు కదిలేవి గానీ మాట వినపడేది కాదు. నేను మాత్రం పక్కమీంచి ఒక్క గెంతు గెంతేవాణ్ణి. ఎన్నిసార్లు చెప్పినా వినట్లేదని ఒకరోజు గాల్లోనే నా కాలు పట్టేసుకుంది. ఆ శ్లోకం అప్పగించాకే వదిలింది.

సముద్రవసనే దేవి పర్వతస్తనమండలే
విష్ణుపత్ని నమస్తుభ్యం పాదస్పర్శం క్షమస్వ మే

సముద్రమే చీరగా, పర్వతాలే స్తనాలుగా ఉన్న తల్లీ, విష్ణుపత్నీ, నీకు నమస్కారం. నా కాలు నీకు తగులుతుంది, క్షమించు. మామూలుగా తప్పు చేశాక కదా క్షమాపణ అడుగుతాం. ఇక్కడ ఇంకా కాలే పెట్టలేదు. పెట్టక తప్పదని తెలుసు కాబట్టి ముందే అడగడం. రేపు పొద్దున మళ్లీ అడగాల్సిందే.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మా ఊరు అటుపోయింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటుండిపోయింది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కదా, తెలుగుకి ఇప్పటికీ లోటు లేదు. ఒక వాకిట్లో తెలుగు, పక్క వాకిట్లో ఒడియా, మధ్యలో గోడమీంచి అటూ ఇటూ మారే కూర గిన్నెలు. పండగలూ అలాగే మారాయి. రజ పండగ మా ఇంట్లోకి వచ్చింది ఆ గోడమీంచే.

జూన్ నడిమధ్యలో మిథున సంక్రమణం వస్తుంది. తెలుగువాళ్లం దాన్ని పెద్దగా పట్టించుకోం. ఒడియావాళ్లకి మాత్రం అది భూదేవి బహిష్టు అయ్యే సమయం. పహిలి రజ, రజ సంక్రాంతి, బాసి రజ అని మూడు రోజులు. నాగలి కట్టరు, నేల తవ్వరు. ఆడవాళ్లు ఒట్టికాళ్లతో నేలమీద నడవరు. రుబ్బడం, నూరడం, కూరగాయలు తరగడం బంద్. కొత్త బట్టలు, ఉయ్యాలలు, పోడో పిఠా అనే కాల్చిన పిండివంట, తాంబూలం. నాలుగో రోజు వసుమతీ స్నానం. మసాలా నూరే సన్నికల్లునే భూదేవిగా భావించి, పసుపు రాసి, నీళ్లు పోసి, సింధూరం పెట్టి, పూలు పెడతారు.

పొద్దున శ్లోకంలో 'కాలు తగులుతుంది, క్షమించు' అని అడిగే మాటకి, ఏడాదికి మూడు రోజులైనా అసలు కాలే తగలనివ్వని పండగ జవాబులా ఉంటుంది నాకు. రెండూ వేర్వేరు భాషల ఇళ్లలో పుట్టినా మా అమ్మ దగ్గర కలిశాయి.

ఎందుకంటే ఆ మూడు రోజులే అమ్మ బొమ్మలు వేసేది.

మిగతా రోజుల్లో ఎక్కడ కుదురుతుంది? మేం నలుగురు పిల్లలం, మంచంలో నాయనమ్మ, నాన్నగారి స్నేహితులు, వచ్చేపోయే చుట్టాలు. బొమ్మలు వేయడం మా ఇంట్లో 'కాలక్షేపం' కిందే లెక్క. నేనూ ఆ మాటే అనేవాణ్ణి, దాచుకోవడం దేనికి. ఒకసారి ఏదో ఊళ్లో ప్రదర్శనకి మూడు బొమ్మలు పంపితే, ఒకదాని మీద టీ గ్లాసు మరకతో తిరిగొచ్చాయి. మళ్లీ పంపలేదు. ఆ మరకని మాత్రం తర్వాత రజకి మబ్బుగా మార్చేసింది.

రజకి ముందురోజుని సజబాజ అంటారు. మూడు రోజులకి సరిపడా మసాలాలు ఆ రోజే నూరి పెట్టుకుంటారు. పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని అని) మసాలా నూరుతుంటే అమ్మ రంగు నూరేది. కొన్న రంగులు ఉండేవి గానీ ఎర్ర రంగు మాత్రం కొనేది కాదు. కొండ పక్కనుంచి తెచ్చిన ఎర్రమట్టి, దానికోసమే ఉంచిన పాత సన్నికల్లు. మట్టి తడిపి, వడగట్టి, తుమ్మజిగురు కలిపి, పొత్రంతో చాలాసేపు నూరేది. వేలిమీద రాసుకుంటే గరుకు తగలకూడదు. సవరల ఇళ్లలో ఎర్రమట్టి అలికిన గోడమీద బియ్యప్పిండితో బొమ్మలు వేయడం చూసి ఆ మట్టిమీద మోజు పడిందట. ఆ బొమ్మల్లో కొన్ని చనిపోయినవాళ్లకోసం వేస్తారని కూడా తనే చెప్పింది.

మట్టి తవ్వేటప్పుడు ఏదో గొణుక్కునేది. శాస్త్రులుగారు నేర్పారట. అథర్వవేదంలో భూమిసూక్తం: 'యత్తే భూమే విఖనామి క్షిప్రం తదపి రోహతు'. తల్లీ, నీలోంచి నేను తవ్వుకున్నది త్వరగా మళ్లీ పూడాలి. నా దెబ్బ నీ మర్మానికి, నీ గుండెకి తగలకూడదు. చారెడు మట్టికి ఇంత టెన్షనా అని నవ్వేవాణ్ణి.

మర్నాటినుంచి మేడమీద, కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని కూచునేది. కొండలే వేసేది. కొండలు, కింద మహేంద్రతనయ. 1501 మీటర్ల మహేంద్రగిరి కూతురు అని ఆ నది పేరులోనే ఉంది. ఆ కొండమీద భీముడి పేరుతో, ధర్మరాజు పేరుతో ఉన్న గుళ్లతోపాటు కుంతి పేరుతోనూ ఒక గుడి ఉంది. తెరిపిచ్చిన రోజు పైనుంచి సముద్రం కనబడుతుంది. శ్లోకం చెప్పినవారెవరో గానీ అలాంటిచోట నిలబడే చెప్పి ఉంటారనిపిస్తుంది. దగ్గరగా చూస్తే కొండంటే రాళ్లూ తుప్పలే. బాగా దూరం జరిగితేనే సముద్రం చీరలా కనిపిస్తుంది, కొండలోంచి దిగే నీళ్లు పాలలా కనిపిస్తాయి. అది బొమ్మ వేసేవాళ్ల చూపు.

అమ్మ బొమ్మల్లో ఒక్క దారీ ఉండదు. కాలిబాట కూడా. ఎందుకమ్మా అంటే, "దారి వేస్తే ఎవడో ఒకడు తొక్కుతాడ్రా" అంది.

అమ్మ పోయింది జ్యేష్ఠ మాసంలో. రెండేళ్లకిందట తిథి సరిగ్గా రజ రోజుల్లో పడింది. తద్దినం అంటే గారెలుండాలి, గారెలంటే పప్పు రుబ్బాలి. ముందురోజు పిండి మడికి పనికిరాదు. మా ఆవిడ రోలు ముందు కూచుని, "అత్తయ్యగారు ఈ మూడు రోజులు దీన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు, ఇప్పుడు ఆవిడకోసమే రుబ్బాలంటే ఎలా?" అంది. శాస్త్రులుగారు పితృకార్యం మానకూడదన్నారు. నాకేమీ తోచక, రోలుకి దండం పెట్టి, పొద్దున్నే చెప్పే శ్లోకమే చెప్పాను. పాదం అన్నచోట నాలుక ఒక్క క్షణం తడబడింది. తర్వాత ఆవిడ రుబ్బింది.

నాలుగోరోజు పొద్దున మావుసి తన సన్నికల్లు కడుగుతూ గోడమీంచి కేకేసింది. "మీ అమ్మ రాయి కూడా పట్రా బాబూ, ఎన్నేళ్లయిందో నీళ్లు పోసి."

మెట్లకింద ఉంది. బరువుగా ఉంది. పైన దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. మావుసి పసుపు రాసి చెంబుతో నీళ్లు పోసింది. మొదట పచ్చగా పారాయి. రెండో చెంబుకి రాతి గంట్లలోంచి ఎర్రగా దిగడం మొదలైంది. ఎన్ని చెంబులు పోసినా ఆ ఎరుపు ఆగలేదు. మావుసి చెంబు పక్కన పెట్టి, ఆ తడిమీదే సింధూరం పెట్టింది.