పౌండ్ల లెక్కన చలికోట్లు: గుడ్‌విల్ అవుట్‌లెట్‌లో నా అనుభవం

అమ్మానాన్న మా దగ్గర ఆర్నెల్లు ఉండటానికి వస్తున్నారు, అదీ సరిగ్గా చలికాలంలో. మేముండే సియాటిల్ వైపు మిన్నెసోటాలోలా అడుగుల లెక్కన మంచు పడదు గానీ, అక్టోబరు నుంచి మార్చి దాకా ముసురు పట్టే ఉంటుంది. సన్న తుంపర, సాయంత్రం నాలుగున్నరకే చీకటి, ఆ తడిలో చలి ఎముకల్లోకి దిగుతుంది. ఖమ్మం ఎండల్లో బతికినవాళ్లు కోటు లేకుండా బస్‌స్టాప్ దాకా కూడా వెళ్లలేరు. లోపల బాతుల నూగు నింపిన మంచి డౌన్ జాకెట్ కొత్తది కొనాలంటే ఒక్కోటీ నూటయాభై, రెండొందల డాలర్లు. ఇద్దరికీ జాకెట్లు, బూట్లు, టోపీలు, చేతులకి గ్లవ్స్, పైగా మా పాపకి పోయినేడాదివన్నీ పొట్టయిపోయాయి. లెక్కేసుకుంటే ఒక నెల కిరాణా అంత అవుతోంది. అమ్మవాళ్లు వెళ్లేటప్పుడు ఆ కోట్లు పట్టుకెళ్లి ఖమ్మంలో చేసేదేమీ లేదు. అప్పుడు మా కింది ఫ్లాట్‌లో ఉండే అక్క చెప్పింది, "షాపుకి వద్దు, అవుట్‌లెట్‌కి పోదాం, నేను తీసుకెళ్తా" అని.

గుడ్‌విల్ షాపు అమెరికాలో ఉన్న మనవాళ్లందరికీ తెలిసిందే, జనం దానం చేసిన వస్తువులు శుభ్రంగా హ్యాంగర్లకి వేసి, ధర చీటీ కట్టి అమ్ముతారు. అవుట్‌లెట్ వేరు. షాపులో కొన్ని వారాలు ఉండి కూడా అమ్ముడుపోనివన్నీ అక్కడికి వస్తాయి. హ్యాంగర్లుండవు, చీటీలుండవు, ఆడా మగా పిల్లా అన్న విభజన లేదు. గోడౌన్ లాంటి హాలులో నడుము ఎత్తున, చక్రాలున్న పొడుగాటి నీలం తొట్లు వరసలుగా పెట్టి ఉంటాయి, బట్టలన్నీ వాటిలో కుప్పగా పోసి ఉంటాయి. అందుకే అందరూ దాన్ని "బిన్స్" అనే అంటారు. కావాల్సింది ఏరుకుని కార్ట్‌లో వేసుకుంటే చివర్లో మొత్తం కాటా వేసి డబ్బులు తీసుకుంటారు. గుడ్‌విల్ ఒకే పెద్ద కంపెనీ కాదు, ఊరూరా విడివిడి సంస్థలు, కాబట్టి రేటు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. బట్టలకి పౌండుకి రెండు డాలర్లు అటూఇటూ అనుకోండి. పౌండంటే మన లెక్కలో 454 గ్రాములు. గాజు సామాన్లకి, పుస్తకాలకి కొన్నిచోట్ల వేరే రేటుంటుంది, సోఫాల్లాంటివాటికి విడిగా ధర రాసి ఉంటుంది. పైన సేల్స్ ట్యాక్స్, మా దగ్గర అది దాదాపు పది శాతం.

తూకం మీద అమ్మితే ధరలన్నీ తలకిందులవుతాయి, ఆ షాపులో నేను ముందు తెలుసుకోవాల్సింది అదే. బయట అన్నిటికన్నా ఖరీదు డౌన్ జాకెట్. లోపల బాతుల నూగు తప్ప ఇంకేం ఉండదు కాబట్టి అది పౌండుకి కాస్త అటూఇటూ తూగుతుంది, అంటే రెండు డాలర్లు. అదే జీన్స్ ప్యాంటు ఒకటిన్నర పౌండు, మూడు డాలర్లు. పట్టు స్కార్ఫ్ పావలా విలువ చెయ్యదు, లావు దుప్పటి ఎనిమిది డాలర్లు చేస్తుంది. మంచి ఉన్ని ఓవర్‌కోటు నాలుగు పౌండ్లు బరువున్నా తీసుకోవచ్చు, ఎందుకంటే ఆ ఉన్ని ఇంకో ఇరవై ఏళ్లు చెక్కుచెదరదు. తడిసిపోయిన పాలిస్టర్ స్వెట్‌షర్ట్ ఎంత చవకైనా వద్దు. మా ఖమ్మం మిర్చి యార్డులో వ్యాపారులు గుప్పెడు కాయలు తీసుకుని నలిపి చూసి రేటు కట్టినట్టు, ఇక్కడా చెయ్యే చెప్పాలి. కుప్ప మీద కళ్లతో వెతికితే రంగులు తప్ప ఏమీ కనపడవు. చెయ్యి లోపలికి పోనిచ్చి, గుడ్డ అంచు వేళ్ల మధ్య పట్టుకుంటే ఉన్నికీ, కాటన్‌కీ, నైలాన్‌కీ తేడా చూడకుండానే తెలిసిపోతుంది. అక్క అలాగే వెతుకుతుంది. ఆవిడ చేతులు చూస్తూనే నేనూ నేర్చుకున్నాను.

వెళ్లేముందు అక్క చెప్పిన జాగ్రత్తలు నేనూ మీకు చెప్తాను. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, కుప్పల్లో పగిలిన గాజు ముక్కలుంటాయి, పిన్నులుంటాయి, ఇంకేం ఉంటాయో తెలీదు. దుమ్ము పడనివాళ్లు మాస్క్ పెట్టుకోండి. హ్యాండ్‌బ్యాగ్ కాకుండా అడ్డంగా వేసుకునే చిన్న సంచీ అయితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ట్రయల్ రూములుండవు, కాబట్టి ఒంటికి పట్టినట్టుండే బట్టలు వేసుకెళ్తే పైనుంచే తొడిగి చూసుకోవచ్చు. నేను ఇంకో పని చేశాను, వీడియో కాల్‌లో నాన్నగారి భుజాల కొలత, చేతి పొడుగు, అమ్మ నడుము కొలత అడిగి రాసుకుని, జేబులో టేపు వేసుకెళ్లాను. అమెరికన్ సైజుల్లో లేబుల్ మీద ఎం అని ఉన్నదాన్ని నమ్మితే నాన్నగారికి చేతులు వేళ్లు దాటి వేలాడతాయి. కొన్నది వెనక్కి తీసుకోరు, అందుకని కొలత ముఖ్యం. చిన్నపిల్లల్ని తీసుకెళ్లకపోవడమే మంచిది, ఆ తొట్ల మధ్య వాళ్లని చూసుకోవడం కష్టం.

మేం లోపలికి వెళ్లేసరికి ఒక వరస మార్చుతున్నారు. అందరూ వెతికేసిన తొట్లు లోపలికి తోసేసి కొత్తవి తెస్తారు, రోజంతా ఇదే జరుగుతుంటుంది. నేను ముందుకి వెళ్లబోతుంటే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. "అమ్మాయ్, ఆ గీత వెనకే నిలబడు. వాళ్లు సరే అనేదాకా ఎవరూ ముట్టుకోకూడదు." నిజంగానే యాభై మంది దాకా గీత వెనక వరసగా నిలబడ్డారు, ఒక్కరూ చెయ్యి చాచలేదు. ఆఖరి తొట్టి వచ్చి సర్దుకున్నాక పనివాళ్లలో ఒకాయన గట్టిగా ఒక మాటన్నాడు, అంతే, వంద చేతులు ఒక్కసారి లోపలికి దిగాయి. మొదటి రెండు నిమిషాలు నాకు టెన్షన్‌గానే ఉంది. తర్వాత తెలిసింది, ఆ తొందరంతా తిరిగి అమ్ముకునేవాళ్లది. వాళ్లకి బ్రాండు కావాలి, పాత టీషర్టులు కావాలి, పుస్తకాల వెనక బార్‌కోడ్ ఫోన్‌తో స్కాన్ చేసి ధర చూసుకుంటారు. వాళ్లు అటు వెళ్లిపోయాక నెమ్మదిగా వెతికేవాళ్లకి బోలెడంత మిగులుతుంది. అమ్మకి కావాల్సింది బ్రాండు కాదు, వెచ్చదనం.

జోళ్లు మాత్రం విడివిడిగా పడి ఉంటాయి, అదే పెద్ద పని. పాపకి సరిపోయే ఊదారంగు స్నో బూటు ఒకటి దొరికింది, రెండోది లేదు. అక్కడ అలవాటేంటంటే దొరికినదాన్ని పైకెత్తి పట్టుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు చూస్తారు. నేనూ ఎత్తి పట్టుకున్నాను. స్పానిష్ మాట్లాడే ఒక పెద్దావిడ తలూపి తన పని చూసుకుంది. చాలాసేపటికి మూడు తొట్ల అవతలినుంచి ఆవిడే నా దగ్గరికి నడిచొచ్చింది, చేతిలో ఆ రెండో బూటు. తన ఏరివేత ఆపుకుని మరీ వచ్చింది. నాకు ఆవిడ భాష రాదు, ఆవిడకి నా భాష రాదు, దండం పెట్టాను, నవ్వి వెళ్లిపోయింది. అక్కడికి వెళ్లకుండానే ఆ షాపుల గురించి తోపులాట, గొడవ అని చెప్పేవాళ్లున్నారు. నేను చూసింది మాత్రం ఇది.

నాన్నగారి జాకెట్ మూడో వరసలో దొరికింది. ముదురు నీలం, లోపలి లేబుల్ మీద 700 ఫిల్ అని ఉంది, అంటే నూగు నాణ్యమైనదే. కొనేముందు ఏం చూడాలో ఇక్కడ వివరంగా చెప్తాను. జిప్పు పైదాకా, కిందదాకా రెండుసార్లు లాగి చూడండి, జాకెట్లలో ముందు పోయేది అదే. చంకల దగ్గర కుట్టు చూడండి. గుడ్డని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని గడుల్లో నూగు సమానంగా ఉందా, ఒక మూలకి ముద్దకట్టిందా చూడండి, ముద్దకడితే వెచ్చదనం పోయినట్టే. జేబులన్నీ తిప్పి చూడండి. ఆఖరున కాలర్, కుట్ల లోపలివైపు చూడండి, నల్లటి చిన్న చుక్కలు గానీ, పొట్టులాంటిది గానీ కనపడితే నల్లులు అన్నట్టే, ఎంత మంచి జాకెట్ అయినా అక్కడే వదిలేయండి. ఈ జాకెట్‌కి ఎడమ మోచేతి దగ్గర అగ్గిపుల్ల తలంత చిరుగు ఉంది తప్ప ఇంకే లోపమూ లేదు. దానికి అంటించే నైలాన్ టేపు దొరుకుతుంది.

కాటాకి వెళ్లేముందు ఒక పక్కకి వెళ్లి కార్ట్ అంతా మళ్లీ ఏరుకోండి. చేతికి దొరికినప్పుడు అన్నీ కావాలనే అనిపిస్తాయి. అక్క అయితే ఒక్కోటీ ఎత్తి "ఇది ఎవరికి?" అని అడిగేది, పేరు చెప్పలేకపోతే తిరిగి తొట్టిలోకే. అలా సగం పోయాయి. తర్వాత కార్ట్‌ని కార్ట్‌లాగే నేల మీదున్న కాటా మీదకి తోస్తారు, కార్ట్ బరువు తీసేసి మిగతాది లెక్కేస్తారు. రెండు జాకెట్లు, అమ్మకి పొడుగు ఉన్నికోటు, మూడు టోపీలు, పాప బూట్లు, స్కార్ఫులు, ఒక ఇనప పెనం, అన్నీ కలిపి నలభై డాలర్లు కూడా కాలేదు.

ఆ పెనం గురించి చెప్పాలి. లావుపాటి పోత ఇనప పెనం, ఐదు పౌండ్లుంటుంది, అడుగంతా తుప్పు. తూకం లెక్కన అది ఖరీదైన వస్తువే, పది డాలర్లయింది. కొత్తదానికీ దీనికీ డబ్బులో పెద్ద తేడా లేకపోయినా తీసుకున్నాను, పాత పెనాల ఉపరితలం నున్నగా ఉంటుంది, దోసె బాగా జారుతుంది. స్టీల్ పీచుతో తుప్పంతా రుద్ది, కడిగి, వెంటనే ఆరబెట్టి, నూనె పల్చగా రాసి తుడిచేసి, 450 ఫారెన్‌హీట్ ఓవెన్‌లో బోర్లా పెట్టి గంట ఉంచాను. రెండు మూడు విడతలు ఇలా చేశాక నల్లగా మెరిసింది. కోటింగ్ గీతలు పడ్డ నాన్‌స్టిక్ గానీ, రంగుల బొమ్మలున్న పాత పింగాణీ గానీ తినడానికి తీసుకోకండి, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. పిల్లల్ని కూర్చోబెట్టే కారు సీట్లు, హెల్మెట్లు అసలొద్దు, దెబ్బ తిన్నవో కాదో బయటికి కనపడదు, కారు సీటుకి గడువు తేదీ కూడా ఉంటుంది. పక్కగోడ కిందికి జారే ఊయల మంచాల అమ్మకం అమెరికాలో 2011 నుంచి నిషేధం. మిక్సీలు, ఐరన్‌బాక్సులు ఇండియాకి పంపుదామని కొనొద్దు, ఇక్కడివి 120 వోల్టులవి.

ఇంటికొచ్చాక సంచులు హాల్లోకి తేవొద్దు. బాల్కనీ నుంచి నేరుగా డ్రయ్యర్‌లోకి, హై హీట్ మీద కనీసం అరగంట, నల్లులున్నా గుడ్లున్నా చస్తాయి. ఆ తర్వాతే ఉతకడం. జాకెట్లు లేబుల్ చూసి, డౌన్‌కి పనికొచ్చే సబ్బుతో ఉతికి, డ్రయ్యర్‌లో రెండు టెన్నిస్ బంతులు వేసి తక్కువ వేడి మీద ఆరబెడితే నూగు మళ్లీ విచ్చుకుంటుంది. ఉన్నికోటు డ్రైక్లీనింగ్‌కి ఇచ్చాను, కోటుకన్నా దానికే ఎక్కువైంది.

ఇక అమ్మ సంగతి. ఎవరో తొడిగి విడిచిన బట్టలు, ఆ మనిషి ఉన్నారో పోయారో కూడా తెలియదు, అన్నది మన ఇళ్లల్లో చిన్న విషయం కాదు. అందుకే దాచకుండా ముందే చెప్పాను. నాన్నగారు చిన్నప్పుడు బాబాయిలు విడిచినవే తొడిగి పెరిగారట, "ఉతికితే బట్టే కదమ్మా" అన్నారు. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పైన వేసుకునే కోటయితే ఫర్వాలేదు, ఒంటికి తగిలేవి మాత్రం వద్దు తల్లీ" అంది. అది నాకు న్యాయంగానే అనిపించింది. స్వెట్టర్లు, లోపలి థర్మల్స్ కొత్తవే కొన్నాను, కోట్ల మీద మిగిలిన డబ్బుతోనే.

అక్కడా అమ్ముడుపోనివి ఏమవుతాయని అడిగాను. టన్నుల లెక్కన బేళ్లు కట్టి పాతగుడ్డల వ్యాపారులకి అమ్మేస్తారు, చాలావరకు విదేశాలకి పోతాయి. ఇలా అమెరికా, యూరప్‌ల నుంచి వెళ్లే పాత ఉన్నిబట్టల్లో కొన్ని మన పానిపట్ చేరతాయి, అక్కడ వాటిని చింపి, పీచు చేసి, నూలు తీసి చవక కంబళ్లు నేస్తారు. మొదట్లోనూ గుడ్‌విల్ పని ఇలాంటిదే, 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్ట్ పాస్టర్, ఉన్నవాళ్ల ఇళ్లనుంచి గోనెసంచుల్లో పాతబట్టలు పోగేసి, పనిలేని పేదవాళ్లకి కూలి ఇచ్చి బాగు చేయించి అమ్మించాడు. ఇప్పటికీ వచ్చే డబ్బు ఉద్యోగ శిక్షణలకి వాడుతున్నారు.

చదువుకోవడానికి వచ్చిన పిల్లలకి ఒక్క మాట. ఆగస్టులో దిగీదిగగానే దుప్పట్లకి, జాకెట్లకి, గిన్నెలకి క్రెడిట్ కార్డు గీకకుండా ముందు ఇక్కడికి వెళ్లండి. కానీ ఇక్కడ కొని ఆన్‌లైన్‌లో లాభానికి అమ్మే పనిలోకి మాత్రం దిగకండి, ఎఫ్-1 వీసా మీద దాన్ని అనుమతి లేని పనిగా చూసే ప్రమాదం ఉంది, మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడక్కుండా ఏదీ మొదలుపెట్టొద్దు. వెళ్లేది వారం మధ్యలో ఉదయం పూటైతే జనం తక్కువ. డిసెంబర్ 31 లోపు ఇచ్చిన దానాలు ఆ ఏడాది పన్ను లెక్కలో చూపించుకోవచ్చని ఏడాది చివర్లో జనం విపరీతంగా తెచ్చి ఇస్తారు. షాపుల్లో అమ్ముడుపోనివి అవుట్‌లెట్‌కి చేరేసరికి ఫిబ్రవరి అవుతుంది, వచ్చే చలికాలానికి కోట్లు కావాల్సినవాళ్లు అప్పుడు వెళ్లండి.