‘ఎస్టర్‌డే’ పక్కన ‘హావ్’ ఎందుకు కూర్చోదు?

ఇవాళ మెయిల్‌లో "ఐ హావ్ సెంట్ ఇట్ ఎస్టర్‌డే" అని టైప్ చేసి, పంపే ముందు ఆగిపోయాను. ఏదో తేడాగా అనిపించింది. ‘ఎస్టర్‌డే’ అని గడిచిపోయిన సమయం చెప్పేశాక ‘హావ్’ కుదరదు కదా! ‘హావ్’ తీసేసి "ఐ సెంట్ ఇట్ ఎస్టర్‌డే" అని మార్చాను. చిన్న పనే, కానీ నాకు మాత్రం పండగ!

స్కూల్లో పన్నెండు టెన్సులూ పట్టిక వేసి బట్టీ పట్టినవాణ్ణే. నోరు తెరిస్తే ఒక్కటీ వచ్చేది కాదు. అసలు చిక్కు మన తెలుగులో ఉందని ఈమధ్యే అర్థమైంది. "రోజూ వస్తాను", "రేపు వస్తాను" రెండింటికీ మనకు ఒకే క్రియ. ఇంగ్లీషులో మొదటిది ‘కమ్’, రెండోది ‘విల్ కమ్’. "పదేళ్లుగా పనిచేస్తున్నాను" అంటే మనకు ‘యామ్ వర్కింగ్’ అనే వస్తుంది. వాళ్లకేమో ‘హావ్ బీన్ వర్కింగ్ ఫర్ టెన్ ఇయర్స్’. అప్పుడు మొదలై ఇంకా సాగుతోంది కాబట్టి.

పట్టిక పక్కన పెట్టేశాను. పడుకునే ముందు ఆ రోజు జరిగినవి ఐదు వాక్యాలు రాస్తున్నాను, ఎప్పుడు జరిగిందో చెబుతూ. నిన్నటి ఐదింట్లో రెండు తప్పులు. రెండూ ‘హావ్’వే, ఇంకెవరివి!